ఫీల్డ్ కుర్రాళ్ల లొకేషన్ బ్రౌజర్‌లో తప్పుగా పడుతోంది, ఒకతని విజిట్ రిజెక్ట్ అయిపోయింది, సాయం చేయండి

చీనీతోట:
అందరికీ నమస్తే. మాది అనంతపురం. డ్రిప్ సామాన్లు బిగించే ఒక డీలర్ దగ్గర సాఫ్ట్‌వేర్ పని మొత్తం నేనొక్కణ్ణే చూస్తా. మా ఫీల్డ్ కుర్రాళ్లు 14 మంది, కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు తోటలకి బండ్ల మీద తిరుగుతుంటారు. ఫిల్టర్ కడిగారా, లేటరల్ పైపులు (చెట్ల వరుసల వెంట వేసే సన్న పైపులు) ఎలకలు ఏమైనా కొరికాయా, చివరి వరుస దాకా నీళ్లు అందుతున్నాయా చూసి ఫోటో పెట్టాలి. అందరివీ సొంత ఫోన్లే, ఒక్కొక్కరిది ఒక్కో మోడల్, అందుకని ప్లే స్టోర్ యాప్ జోలికి పోకుండా క్రోమ్‌లో తెరుచుకునే వెబ్ యాప్ చేశా. తోట దగ్గర "విజిట్ మొదలు" నొక్కితే లొకేషన్ తీసుకుంటుంది, రైతు రిజిస్టర్ అయినప్పుడు పెట్టిన పాయింట్‌కి 200 మీటర్ల లోపల ఉంటే ఓకే, లేకపోతే రిజెక్ట్.

పోయిన వారం ఒక కుర్రాడి విజిట్ "4.1 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు" అని రిజెక్ట్ అయింది, ఆ రోజు పెట్రోల్ డబ్బులు కూడా కట్ అయ్యాయి. వాడు మూడేళ్లుగా మా దగ్గరే చేస్తున్నాడు, ఒక్కనాడు అబద్ధం చెప్పింది లేదు. "అన్నా నేను తోటలోనే ఉండాను, కావాలంటే ఆ పెద్దాయన్నే అడుగు" అన్నాడు. రైతుకి ఫోన్ చేస్తే, వచ్చినాడు నాయనా, ఫిల్టర్ విప్పి కడిగి ఇచ్చిపోయినాడు అని చెప్పాడు. అది విన్నాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ 200 మీటర్ల రూల్ పెట్టింది నేనే.

కోడ్‌లో గెట్‌కరెంట్‌పొజిషన్ (ఇప్పుడున్న లొకేషన్ బ్రౌజర్‌ని అడిగే ఫంక్షన్) ఒకసారి పిలుస్తా, వచ్చిన అక్షాంశం రేఖాంశం సేవ్ చేస్తా, అంతే. ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్‌ఏజ్ 600000 ఒక్కటే ఉంది, ఎక్కడో చూసి పెట్టిందే. ఆఫీసులో టెస్ట్ చేస్తే బిల్డింగ్ మీదే పడుతుంది. ఇంకోటి, మా ఓనర్ రోజంతా ఎవరెక్కడ తిరిగారో రూట్ కావాలంటున్నాడు, పెట్రోల్ లెక్కకి. అది బ్రౌజర్‌తో అవుతుందా?

రాత్రిడ్యూటీ:
బ్రదర్, ముందు ఒకటి చెప్పు, ఆ రిజెక్ట్ అయిన రికార్డులో అక్యురసీ (ఎన్ని మీటర్లు అటూఇటూ ఉండొచ్చో చెప్పే అంకె) ఎంత ఉంది? అక్షాంశం రేఖాంశంతో పాటే మీటర్లలో వస్తుంది అది. టైమ్‌స్టాంప్ ఎంత ఉంది? ఇంకా ఆ పిన్ను మ్యాప్‌లో ఎక్కడ పడిందో జూమ్ చేసి చూడు, సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

చీనీతోట:
ఆ రెండూ సేవ్ చేయలేదన్నా. పిన్ను చూశా, పక్క ఊరి మెయిన్ రోడ్డు మీద పడింది. ఇప్పుడే కుర్రాణ్ణి అడిగా, అక్కడ టీ తాగడానికి ఆగి తర్వాత తోట ఎవరిదో యాప్‌లో చూసుకున్నాడంట (ఆ పేజీ కూడా లొకేషన్ అడుగుతుంది), అక్కడినించి తోటకి ఏడెనిమిది నిమిషాలంట.

రాత్రిడ్యూటీ:
దొరికింది. 600000 అంటే మిల్లీసెకన్లు, అంటే పది నిమిషాలు. "పది నిమిషాల పాతదైనా పర్లేదు, నీ దగ్గరున్నది ఇచ్చెయ్" అని బ్రౌజర్‌కి నువ్వే చెప్తున్నావ్, అది టీ కొట్టు దగ్గర తీసుకున్న పాయింట్‌నే తోట దగ్గర ఇచ్చింది. కుర్రాడి తప్పు ఏమీ లేదు, ముందు ఆ డబ్బులు ఇప్పించెయ్. విజిట్ రికార్డుకి మ్యాగ్జిమమ్‌ఏజ్ 0 ఉండాలి.

రెండోది, ఎనేబుల్‌హైఅక్యురసీ ట్రూ పెట్టు. పెట్టకపోతే డీఫాల్ట్ ఫాల్స్, అప్పుడు ఫోన్ బ్యాటరీ ఆదా కోసం వైఫై, టవర్ల మీద ఆధారపడి చెప్పేయొచ్చు. మీ ఆఫీసు చుట్టూ ఇరవై వైఫైలు ఉంటాయి కాబట్టి బిల్డింగ్ మీద పడింది, చీనీ (బత్తాయి) తోటలో వైఫై ఎక్కడిది, దూరంగా ఒక టవర్ ఉంటే అదే గొప్ప. టవర్‌తో చెప్పే లొకేషన్ కిలోమీటర్ల తేడా రావచ్చు. టైమవుట్ కూడా పెట్టు, పెట్టకపోతే దానికి గడువే లేదు, చక్రం తిరుగుతూనే ఉంటుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, మొదట వచ్చిన పాయింట్ తీసుకోవద్దు. వాచ్‌పొజిషన్ (కొత్త లొకేషన్ వచ్చినప్పుడల్లా చెప్తూ ఉండే ఫంక్షన్) పెట్టి 30 నుంచి 60 సెకన్లు విను, వచ్చిన వాటిలో అక్యురసీ అంకె అన్నిటికన్నా చిన్నదున్న పాయింట్ ఉంచుకో, 20 మీటర్ల లోపు వస్తే అక్కడే ఆపెయ్, ఆపేటప్పుడు క్లియర్‌వాచ్ మర్చిపోవద్దు, బ్యాటరీ తినేస్తుంది. డేటా సిగ్నల్ లేని చోట జీపీఎస్‌కి ఇంకా టైమ్ పడుతుంది, ఎందుకంటే శాటిలైట్ తన కక్ష్య వివరాలు పంపడానికే 30 సెకన్ల చక్రం ఉంటుంది, నెట్ ఉంటే ఆ వివరాలు ఫోన్ నెట్‌లోంచే లాక్కుంటుంది, లేకపోతే ఆకాశం నుంచి విని తెచ్చుకోవాల్సిందే. అందుకే స్క్రీన్ మీద "లొకేషన్ వెతుకుతోంది, ఇప్పుడు 1400 మీటర్లు, ఇప్పుడు 60, ఇప్పుడు 9" అని దిగుతున్న అంకె చూపించు. అది కనిపిస్తే మనిషి ఆగుతాడు, ఖాళీ చక్రం తిరిగితే ఐదు సెకన్లకి వెనక్కి కొట్టేస్తాడు.

అక్యురసీ అంటే ఆ పాయింట్ చుట్టూ గీసిన వృత్తం, మనిషి అందులో ఎక్కడో ఉన్నాడని అర్థం, అది కూడా 95 శాతం నమ్మకంతోనే. అంటే వృత్తం బయట ఉండే సందర్భాలు కూడా వస్తాయి. రైతు పాయింట్‌కి కూడా ఇలాంటి వృత్తమే ఉంటుంది. కాబట్టి దూరం లోంచి రెండు అక్యురసీలూ తీసేసి, అప్పుడు 200 తో పోల్చు. దానికీ దాటితే రిజెక్ట్ కాదు, "చూడాలి" అని మనిషి ముందు పెట్టు. మిషను ఒక్కటే చూసి ఒకరి డబ్బులు ఆపకూడదు బ్రదర్.

మంజీరతీరం:
పైన చెప్పినవన్నీ కరెక్టే తమ్ముడూ, నేను సంగారెడ్డి వైపు విత్తనాల ప్లాట్లు చూసేవాళ్ల కోసం ఇలాంటిదే నడుపుతున్నా, నేను పడిన ఇబ్బందులు చెప్తా.

మీ రైతు పాయింట్లు ఎక్కడ తీశారో ముందు చూసుకో. మా దగ్గర సగం మందివి ఇంటి దగ్గర ఫారం నింపుతూ తీసినవే, పొలం ఇంకోవైపు రెండు కిలోమీటర్లు, ఇక రోజూ రిజెక్టులే. అవన్నీ పొలం గట్టు మీద నిలబడి మళ్లీ తీయించాం.

ఆండ్రాయిడ్ 12 నుంచి పర్మిషన్ అడిగినప్పుడు ఖచ్చితమైనదా సుమారుదా అని అడుగుతుంది, సుమారుది నొక్కితే ఫోన్ మూడు చదరపు కిలోమీటర్ల పరిధిలో ఎక్కడో అని చెప్తుంది, నువ్వు హైఅక్యురసీ ఎంత పెట్టినా లాభం లేదు. ఐఫోన్‌లో కూడా ఐఓఎస్ 14 నుంచి ఇలాంటి స్విచ్చే ఉంది. ఎంతసేపు విన్నా అక్యురసీ వేలల్లోనే ఆగిపోతుంటే అది చూపిస్తూ ఫోన్ సెట్టింగ్స్‌లో ఏం మార్చాలో తెలుగులో బొమ్మతో చెప్పు. పేజీ తెరవగానే పర్మిషన్ అడగొద్దు, ఎందుకో తెలియక కుర్రాళ్లు బ్లాక్ కొట్టేస్తారు, తర్వాత వాళ్లంతట వాళ్లు తీయలేరు. "విజిట్ మొదలు" నొక్కాకే అడుగు. సైట్ హెచ్‌టీటీపీఎస్ మీదే ఉండాలి, 2016లో క్రోమ్ 50 నుంచి మామూలు హెచ్‌టీటీపీలో లొకేషన్ ఇవ్వడం లేదు.

సిగ్నల్ లేని తోటల్లో పంపడం ఫెయిలైతే రికార్డు పోకూడదు, ఇండెక్స్‌డ్‌డీబీలో (ఫోన్‌లో బ్రౌజర్ దాచుకునే చోటు) దాచి నెట్ వచ్చాక పంపు, దాచినప్పటి టైమ్ వేరుగా, పంపిన టైమ్ వేరుగా రాయి. మా దగ్గర ఒకమ్మాయి పగలు తీసిన విజిట్ రాత్రి ఎనిమిదికి అప్‌లోడ్ అయితే "రాత్రి పొలంలో ఏం పని" అని ఆఫీసులో అడిగారు, పాపం కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఇంకోటి, జియోజేసన్‌లో (మ్యాప్ పాయింట్లు రాసే ఫార్మాట్) ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం. మ్యాప్ లైబ్రరీల్లో కొన్నిటికి తిరగేసి ఉంటుంది. అనంతపురం 14.68, 77.60 కదా, తిప్పేస్తే పిన్ను వెళ్లి ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్బార్డ్ దీవుల్లో పడుతుంది.

బండిసంచి:
నేను కోడ్ రాసేవాణ్ణి కాదు, ఫీల్డ్‌లో తిరిగేవాణ్ణి, ప్రకాశం జిల్లా. రోజంతా రూట్ అన్నారు కదా, దాని గురించి చెప్తా. ఫోన్ మాది, డేటా మాది, చార్జింగ్ మాది. మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చచ్చిపోతే ఇంటికి ఫోన్ చేసుకునే దారి ఉండదు, ఎండలో బండి ఆగిపోతే మెకానిక్‌ని పిలవాలన్నా ఉండదు. పని చేసిన చోట లొకేషన్ ఇవ్వడానికి మాకేం అభ్యంతరం లేదండీ, ఇంకా మంచిది, వెళ్లామని రుజువు. కానీ మధ్యలో పిల్లోణ్ణి స్కూల్లో దింపిందీ, ఆస్పత్రికి వెళ్లిందీ ఓనర్ మ్యాప్‌లో ఎందుకుండాలి? ఎప్పుడు తీసుకుంటున్నారో, ఎన్నాళ్లు ఉంచుతారో, ఎవరు చూస్తారో ముందే చెప్పండి, విజిట్ రిజెక్ట్ అయితే ఎందుకయిందో మాకు కూడా చూపించండి, ఇంకొక ఫోటో పెట్టుకునే అవకాశం ఇవ్వండి.

రాత్రిడ్యూటీ:
బండిసంచి గారు చెప్పింది వంద శాతం న్యాయం. పైగా బ్రౌజర్‌తో అది కుదరదు కూడా. స్క్రీన్ ఆఫ్ అయినా, వేరే యాప్‌లోకి వెళ్లినా వాచ్‌పొజిషన్ ఆగిపోతుంది, సర్వీస్ వర్కర్‌కి (పేజీ వెనకాల నడిచే కోడ్‌కి) లొకేషన్ అందదు. వేక్ లాక్ పెట్టి స్క్రీన్ వెలిగించి ఉంచొచ్చు గానీ జేబులో ఫోన్ పెట్టుకుని బండి నడిపేవాడికి అది పనికిరాదు. పెట్రోల్ లెక్కకి రోజంతా రూట్ అక్కర్లేదు, ఒక విజిట్ నుంచి ఇంకో విజిట్‌కి రోడ్డు దూరం లెక్కేస్తే చాలు. సూటిగా గీత గీస్తే వచ్చే దూరం మాత్రం వాడొద్దు, వాగు అడ్డం ఉంటే రెండు కిలోమీటర్ల చోటికి తొమ్మిది కిలోమీటర్లు తిరిగి వెళ్లాలి, నష్టపోయేది కుర్రాళ్లే.

చీనీతోట:
అందరికీ చాలా థాంక్స్. నిన్న అదే కుర్రాడితో కలిసి అదే తోటకి వెళ్లా. చెట్ల కింద స్టార్టర్ పెట్టె దగ్గర నిలబడి నొక్కితే మొదట 1800 వచ్చింది, పన్నెండో సెకనుకి 75, నలభైకి 11. పాత కోడ్ అయితే ఆ 1800 నే తీసుకునేది. వాడు అంకె దిగడం చూసి "ఇది బాగుందన్నా, ఇప్పుడు నమ్మకంగా ఉంది" అన్నాడు. పెట్రోల్ డబ్బులు మొన్ననే ఇప్పించా. పాత రిజెక్టులు ఇంకో ఆరు ఉన్నాయి, ఒక్కొక్కటి ఫోటోతో సరిచూస్తున్నా. ఓనర్‌కి రోజంతా రూట్ వద్దని చెప్పా, విజిట్ల మధ్య రోడ్డు దూరం సరేనన్నాడు. రైతు పాయింట్లు మళ్లీ తీయించడం సోమవారం నుంచి మొదలు, మంజీరతీరం అక్కా, మీరు గట్టు మీద ఒక్క చోట తీశారా, నాలుగు మూలలా తీశారా?

మంజీరతీరం:
ఒక్క చోటే తమ్ముడూ, బోరు దగ్గర. అక్కడికైతే ఎవరైనా వెళ్లాల్సిందే కదా, ఫిల్టర్ కూడా అక్కడే ఉంటుంది.