రాయరాహుత్తుని పేరులో ఉన్నది ఉకారమా, అకారమా?

ప్రశ్న: "కాశికావిశ్వేశుఁ గలసె వీరారెడ్డి" అంటూ తనను ఆదరించిన ప్రభువులు పోయారని శ్రీనాథుడు వాపోయిన చాటువులో (సీస పద్యం) రెండవ పాదం నాకు "రంభఁ గూడెఁ దెలుంగు రాయరాహుత్తుండు" అని నోటికి వస్తుంది గాని, "తెలుంగ" అనే పాఠం కూడా లీలగా గుర్తుంది. మల్లంపల్లి సోమశేఖరశర్మగారి రెడ్డి రాజ్యాల చరిత్రను (1948) మళ్లీ తిరగేస్తుంటే ఈ అనుమానం పట్టుకుంది. ఏది సరి?

జవాబు: "తెలుంగ" అనడమే సబబు. ఇది దేశం పేరు కాదు, మనిషి పేరు. మరో చాటువులో "సాంపరాయని తెలుంగాధీశ" అంటూ కవి కస్తూరి అడిగింది ఈయననే. కనుకనే చాటువులోనూ ఈయన వెంటే "కస్తూరికే రాజు" అన్న వాపోత వచ్చింది. తెలుంగు, అధీశ కలిస్తే ఉకార సంధితో "తెలుంగధీశ" కావాలి. దీర్ఘం వచ్చిందంటే ప్రాతిపదిక అకారాంతమే.

రెండవవారు: అయ్యా, ఆ కస్తూరి అడిగిన పద్యం శార్దూల వృత్తం. అక్కడ వచ్చే తగణం గురువుతో మొదలవ్వాలి. గణం కోరిన దీర్ఘాన్ని వ్యాకరణానికి సాక్షిగా ఎలా నిలబెడతారు? ఇక సీసంలో "డె దెలుంగు", "డె దెలుంగ" రెండూ సలములే (సలం, నలం సీసంలో వాడే గణాలు). "తెలుగు" అన్నా నలమై ఒదుగుతుంది. ఛందస్సు ఈ తగవు తీర్చదు.

ఇంకొకరు: అసలు విరుపే వేరని నా అభిప్రాయం. విజయనగర బిరుదావళిలో "రాయరాహుత్తమిండ" ఉండనే ఉంది. "రాయరాహుత్తుడు" మొత్తం బిరుదైతే, పేరుకు మిగిలేది "తెలుంగు" ఒక్కటే.

మొదటి జవాబు ఇచ్చినవారు: బిరుదు సంగతి బాగుంది గాని, శర్మగారి పద్ధతి గుర్తుచేసుకోండి. కొమర్రాజు లక్ష్మణరావుగారి విజ్ఞాన సర్వస్వంలో పనిచేసిన ఆయన పద్యం ఎంత రుచించినా దాన్ని శాసనం పక్కన పెట్టి చూసేవారు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ఏర్పడిన చీకటిలోంచి ముసునూరి నాయకులను పైకి తీసింది అలాగే. నేలటూరి వెంకటరమణయ్యగారితో కలిసి ఆయన ప్రకటించిన విలస తామ్రశాసనం లేకుంటే ఆ వంశపు ప్రోలయ నాయకుడి గురించి మనం ఇంత ధీమాగా మాట్లాడగలిగేవాళ్లమా?

రెండవవారు: ఒప్పుకుంటాను. అయితే, శాసనాల్లో కనిపించే సాళువ తెలుంగరాయుడే ఈ రాహుత్తుడని మీరంటే, ఆ శిలమీద చెక్కినది "గ"నా "గు"నా అన్నది అచ్చు పుస్తకంలో గాక శాసన ప్రతిబింబం (శిలమీద కాగితం అద్ది తీసిన నకలు) మీద చూసి చెప్పండి. అన్నట్టు, "కస్తూరి"కి "ప్రస్తుతింతు" ప్రాసయతి (రెండవ అక్షరాలు కలిసే యతి) ఎంత చక్కగా కుదిరిందో ఎవరూ మెచ్చుకోలేదేం?