ఫ్రీమాంట్‌కు కొత్తగా వచ్చాం: బేస్‌బాల్ ఎక్కడ చూడాలి, ఏ జట్టును మనదనుకోవాలి?

ప్రశ్న: ఫ్రీమాంట్ నుంచి, కొత్తగా వచ్చిన కుటుంబం

అందరికీ నమస్కారం. హైదరాబాదు నుంచి ఈ మధ్యే ఫ్రీమాంట్‌కు వచ్చాం. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. బడిలో చాలామంది పిల్లలు శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు జెయింట్స్ టోపీ పెట్టుకుంటారట, ఒకరిద్దరు మాత్రం ఆకుపచ్చ, పసుపు రంగుల అథ్లెటిక్స్ టోపీతో వస్తారట. "మనది ఏ జట్టు?" అని రోజూ అడుగుతున్నాడు. వేసవిలో మా అత్తగారు, మామగారు వస్తున్నారు. మామయ్యగారికి క్రికెట్ అంటే ప్రాణం, కాబట్టి ఆయన్ని కూడా ఒక మ్యాచ్‌కు తీసుకెళ్లాలని ఉంది.

రెండు సందేహాలు. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేడియంలో సుమారు 41 వేల సీట్లే ఉన్నాయట. అహ్మదాబాదులో 1,32,000 మంది కూర్చుంటారు. ఇంత డబ్బున్న ఊరు అంత చిన్న స్టేడియం ఎందుకు కట్టుకుంది? రెండోది, బార్ట్ రైలులో వెళ్తుంటే ఓక్లాండ్‌లో పెద్ద స్టేడియం కనిపిస్తుంది. అది మాకు దగ్గర కూడా. అక్కడ బేస్‌బాల్ ఎందుకు ఆడటం లేదు?

జవాబు: సన్నీవేల్ నుంచి

స్వాగతం అమ్మా. ముందు సీట్ల సంగతి చెబుతాను, క్రికెట్ చూసి పెరిగిన మనలో ఎవరికైనా మొదట వచ్చే అనుమానం అదే.

అహ్మదాబాదులో లక్ష మంది వచ్చే మ్యాచ్‌లు ఏడాదికి ఎన్ని ఉంటాయి? ఇక్కడ ఒక్కో జట్టు ఏడాదికి 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అందులో 81 సొంత మైదానంలోనే. మంగళవారం రాత్రి ఉంటుంది, బుధవారం మధ్యాహ్నం ఉంటుంది, మళ్లీ శుక్రవారం ఉంటుంది. 41 వేల సీట్లను 81 సార్లు నింపాలంటే 33 లక్షల టికెట్లు అమ్ముడవ్వాలి. ఆ లెక్కన చూస్తే ఇది చిన్న స్టేడియమేమీ కాదు.

సీట్లు ఎక్కువైతే జనం ఎక్కువ వస్తారనే మాట నిజం కాదనడానికి జెయింట్స్ చరిత్రే చాలు. 1960 నుంచి 1999 దాకా వాళ్లు క్యాండిల్‌స్టిక్ పార్కులో ఆడారు. ఊరికి దక్షిణాన, బే (అఖాతం) ఒడ్డున, చుట్టూ కార్ల పార్కింగు తప్ప మరేమీ లేని చోటు. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కూడా అక్కడ ఆడాలని 1970ల మొదట్లో దాన్ని చుట్టూ మూసి సీట్లు పెంచారు. ఫుట్‌బాల్ మైదానం దీర్ఘచతురస్రం, బేస్‌బాల్ మైదానం విసనకర్ర. రెండింటికీ సరిపోయేలా కడితే రెండింటికీ సరిపోదు. బేస్‌బాల్ చూసేవాళ్ల సీట్లు ఆటకు దూరమయ్యాయి, పైగా జూలై రాత్రుల్లో కూడా ఎముకలు కొరికే గాలి. స్కోరు సమమై, తొమ్మిది ఇన్నింగ్స్ దాటి అదనపు ఇన్నింగ్స్ దాకా సాగిన రాత్రి మ్యాచ్‌లో చివరి వరకు కూర్చున్నవాళ్లకు జట్టువాళ్లు ప్రత్యేకంగా ఒక బ్యాడ్జి ఇచ్చేవారు.

1999లో, క్యాండిల్‌స్టిక్ చివరి ఏడాది, 20 లక్షల పైచిలుకు ప్రేక్షకులు వచ్చారు. 2000లో ఊరి మధ్యకు, రైల్వే స్టేషను పక్కకు, అంతకంటే ఎంతో తక్కువ సీట్లున్న కొత్త స్టేడియానికి మారారు. ఆ ఏడాది ప్రేక్షకుల సంఖ్య 33 లక్షలు దాటింది. ఆఫీసు అయిపోయాక నడిచి వెళ్లగలిగే చోట ఉండటం ఒక కారణం. గాలి సొరంగంలో నమూనాను పరీక్షించి, బే గాలి నేరుగా లోపలికి కొట్టకుండా స్టేడియం ముఖాన్ని తిప్పి కట్టడం ఇంకో కారణం. సీట్లు తక్కువ కాబట్టి ముందే కొనుక్కోకపోతే దొరకవన్న తొందర కూడా జనంలో వచ్చింది. 2010 నుంచి 2017 దాకా వరుసగా 530 మ్యాచ్‌లకు టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. ఆ మధ్యలోనే 2010, 2012, 2014లో జట్టు వరల్డ్ సిరీస్ (ఏడాది చివరి ఛాంపియన్‌షిప్ పోటీ) గెలిచింది.

ఇంకో మాట, మీ మామయ్యగారికి ఇది తప్పకుండా చెప్పండి. బేస్‌బాల్‌లో లోపలి కొలతలు ఎక్కడైనా ఒకటే: బేస్‌కూ బేస్‌కూ మధ్య 90 అడుగులు, పిచర్ నుంచి బ్యాటర్‌కు 60 అడుగుల 6 అంగుళాలు. బయటి గోడ మాత్రం ప్రతి ఊళ్లో వేరు. స్థలం ఎలా ఉంటే గోడ అలా వంగుతుంది, గోడ ఎలా ఉంటే ఆట అలా మారుతుంది. బోస్టన్‌లో 1912 నాటి ఫెన్‌వే పార్కు వెనకే ఒక వీధి ఉంది, అందుకని ఎడమవైపు గోడను బ్యాటర్ నుంచి 310 అడుగుల దూరంలోనే ఆపాల్సి వచ్చింది. దానికి బదులుగా 37 అడుగుల ఎత్తు కట్టారు. ఈనాటికీ ఆ పచ్చ గోడే ఆ జట్టుకు గుర్తు.

మన శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడా అంతే. స్థలం 13 ఎకరాలే, కుడివైపు నీళ్లు. గోడ 309 అడుగుల దగ్గర ఆగిపోయింది. నిబంధనల ప్రకారం కొత్త స్టేడియాలకు కనీసం 325 అడుగులు ఉండాలి, కాబట్టి లీగ్ ప్రత్యేకంగా ఒప్పుకోవాల్సి వచ్చింది. దగ్గరైన గోడను ఎత్తు పెంచారు: 24 అడుగులు. జెయింట్స్ మహా ఆటగాడు విల్లీ మేస్ చొక్కా మీది అంకె 24. స్టేడియం చిరునామాలోనూ అదే అంకె ఉంది, ఆయన విగ్రహం చుట్టూ ఉన్న తాటిజాతి చెట్లూ 24. ఆ గోడ దాటి బంతి నేరుగా నీళ్లలో పడితే, కొట్టినవాడు జెయింట్స్ ఆటగాడైతే, అలాంటి కొట్టుళ్ల లెక్క గోడ మీద పెరుగుతుంది. బంతి కోసం పడవల్లో కాచుకుని కూర్చునేవాళ్లు ఉంటారు. ఆ నీటి పాయకు జెయింట్స్ పాత ఆటగాడు విల్లీ మెకోవీ పేరు పెట్టుకున్నారు. ఆ గోడను చూస్తే చాలు, అది ఏ ఊరో, ఏ జట్టో తెలిసిపోతుంది.

జవాబు: ఫ్రీమాంట్, మిషన్ శాన్‌హోసే నుంచి

సన్నీవేల్ అన్నగారు చెప్పినదంతా సరైనదే. కానీ ఓక్లాండ్ గురించి అడిగారు కాబట్టి దాని తరఫున నేను మాట్లాడాలి. మీరు రైలులోంచి చూస్తున్న ఆ కాంక్రీటు గోడ మొదటి నుంచీ అలా లేదు.

ఓక్లాండ్ కొలీజియం 1966లో తెరిచారు. మైదానాన్ని నేలమట్టం కంటే కిందికి తవ్వి కట్టారు. అథ్లెటిక్స్ జట్టు ఫిలడెల్ఫియాలో పుట్టి, కాన్సాస్ సిటీ మీదుగా 1968లో ఇక్కడికి వచ్చింది. 1972, 73, 74లో వరుసగా మూడుసార్లు, మళ్లీ 1989లో వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ 1989 పోటీ జెయింట్స్‌తోనే. మూడో మ్యాచ్ మొదలవబోతుండగా పెద్ద భూకంపం వచ్చింది. ఆ రోజుల్లో ఓక్లాండ్‌లో హోం ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక కూర్చుంటే ఎదురుగా, ఔట్‌ఫీల్డ్ (మైదానంలో దూరపు భాగం) మీదుగా ఓక్లాండ్ కొండలు కనిపించేవి. అదే ఆ స్టేడియానికి అందం.

1995లో రైడర్స్ ఫుట్‌బాల్ జట్టు లాస్ఏంజెలెస్ నుంచి తిరిగి వచ్చింది. వాళ్ల కోసం ఔట్‌ఫీల్డ్ వెనక 20 వేలకు పైగా సీట్లతో నిలువెత్తు స్టాండు లేపారు. కొండలు కనిపించకుండా పోయాయి. అభిమానులు రైడర్స్ యజమాని పేరు మీద దానికి ‘మౌంట్ డేవిస్’ అని పేరు పెట్టారు. దానికి చేసిన అప్పును నగరం, కౌంటీ పన్ను కట్టేవాళ్లు దశాబ్దాలపాటు తీర్చారు. బేస్‌బాల్‌కు ఆ సీట్లతో పని లేదు. 81 రోజులు వాటిని నింపడం ఎవరి తరమూ కాదు. 2006లో పై అంతస్తు సీట్లపై టార్పాలిన్ కప్పి, బేస్‌బాల్‌కు సుమారు 35 వేలకు తగ్గించారు. ఒక దశాబ్దం కిందట కట్టిన సీట్లకు ముసుగు వేయాల్సి వచ్చిందంటే ఆ నిర్ణయం ఎంత నష్టం చేసిందో చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లు తమ స్టేడియాన్ని ఎక్కువగా ప్రైవేటు డబ్బుతో, బేస్‌బాల్ కోసమే కట్టుకున్నారు. ఓక్లాండ్ ప్రజల డబ్బుతో తమ బేస్‌బాల్ మైదానాన్ని పాడుచేసుకుంది. నాకు ఇప్పటికీ ఇది మనసుకు కష్టంగానే ఉంటుంది.

మీకు తెలియని విషయం ఒకటి చెబుతాను. ఆ జట్టు మన ఫ్రీమాంట్‌కే రావాల్సింది. 2006 నవంబరులో పసిఫిక్ కామన్స్ దగ్గర, ఇప్పుడు మనమంతా సరుకులకు వెళ్లే చోట, 32 వేల సీట్ల స్టేడియం కడతామని ప్రకటించారు. పేరు సిస్కో ఫీల్డ్ అని కూడా నిర్ణయించారు. కొలీజియం కంటే ఎంతో చిన్నది, బేస్‌బాల్‌కే ప్రత్యేకమైనది. తర్వాత వార్మ్ స్ప్రింగ్స్ వైపు స్థలం కూడా ఆలోచించారు. ట్రాఫిక్ గురించి, ఇళ్లకు దగ్గర కావడం గురించి అభ్యంతరాలు వచ్చాయి. 2009 ఫిబ్రవరిలో ఆ ఆలోచన వదులుకున్నారు. ఆ తర్వాత శాన్‌హోసే అనుకున్నారు, కానీ ఆ ప్రాంతంపై హక్కు జెయింట్స్‌దని లీగ్ నిబంధన. కోర్టుకు వెళ్లినా లాభం లేకపోయింది, 2015లో సుప్రీంకోర్టు కేసు వినడానికి ఒప్పుకోలేదు.

చివరికి యాజమాన్యం లాస్‌వేగస్‌కు వెళ్తామంది. 2023లో అభిమానులు బహిష్కరణకు బదులు స్టేడియం నింపి చూపిద్దామని పిలుపునిచ్చారు. జూన్ 13, మంగళవారం రాత్రి 27,759 మంది వచ్చి, జట్టును అమ్మేయమని యజమానిని ఉద్దేశించి అరిచారు. 2024 సెప్టెంబరు 26న ఆఖరి మ్యాచ్‌కు 46,889 మంది వచ్చారు. జనం లేరు కాబట్టి వెళ్లిపోతున్నామని ఎవరైనా మీకు చెబితే ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి.

మీ అబ్బాయి బడిలో ఆ ఆకుపచ్చ టోపీ పెట్టుకునే పిల్లల ఇళ్లలో ఈ కథంతా తెలిసే ఉంటుంది. వాళ్లతో ఆ జట్టు గురించి కొంచెం మెత్తగా మాట్లాడమని బాబుకు చెప్పండి.

జవాబు: ఫోల్సమ్ నుంచి

అథ్లెటిక్స్ ఇప్పుడు మా వైపు, వెస్ట్ శాక్రమెంటోలో ఆడుతున్నారు. చిన్న లీగ్ జట్టు కోసం 2000లో కట్టిన స్టేడియం అది, గడ్డి మీద కూర్చునేవాళ్లతో కలిపి సుమారు 14 వేల మంది పడతారు. జట్టు పేరులో ఊరి పేరు కూడా పెట్టుకోలేదు, ఉత్త ‘అథ్లెటిక్స్’. లాస్‌వేగస్‌లో 33 వేల సీట్ల స్టేడియం కడుతున్నారు, 2028కి వెళ్తామంటున్నారు. పెద్దవాళ్లను తీసుకుని వస్తే జూలై, ఆగస్టు మధ్యాహ్నం మ్యాచ్‌లు వద్దు. మా ఎండలు విజయవాడను గుర్తుచేస్తాయి. సాయంత్రం మ్యాచ్ అయితే బాగుంటుంది, ఆటగాళ్లను ఇంత దగ్గరగా ఈ స్థాయి లీగ్‌లో మరెక్కడా చూడలేరు.

మళ్లీ ప్రశ్న: ఫ్రీమాంట్ నుంచి

అందరికీ ధన్యవాదాలు. ఈ జవాబులు మావారికి, అబ్బాయికి చదివి వినిపించాను. ఓక్లాండ్ సంగతి విని వాడు చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఇప్పుడు "ఓక్లాండ్‌లో ఏమీ లేదా?" అంటున్నాడు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ మెట్లు ఎక్కలేరు. మొదటి మ్యాచ్ ఎక్కడైతే మంచిది?

జవాబు: ఫ్రీమాంట్, మిషన్ శాన్‌హోసే నుంచి

ఉందని చెప్పండి బాబుకు. జట్టు వెళ్లిపోతుందని తేలాక ఓక్లాండ్ వాళ్లు బాలర్స్ అనే కొత్త జట్టు పెట్టుకున్నారు. 2024 నుంచి పశ్చిమ ఓక్లాండ్‌లోని రైమోండి పార్కులో ఆడుతున్నారు. అది చిన్న లీగ్, సుమారు 4 వేల సీట్లు. అభిమానులకు కూడా అందులో వాటాలున్నాయి. 2025లో తమ లీగ్ గెలిచారు.

మీ మామయ్యగారికి చెప్పదగ్గది ఇంకొకటి. ఆ పాత కొలీజియంలో 2025 జూన్‌లో అమెరికా టీ20 పోటీ మేజర్ లీగ్ క్రికెట్ జరిగింది. అక్కడ ఫౌల్ గీతల (బేస్‌బాల్ ఆట హద్దు గీతల) బయట ఖాళీ జాగా చాలా ఎక్కువ. బేస్‌బాల్ ప్రేక్షకులను ఆటకు దూరం చేసిన ఆ ఖాళీయే క్రికెట్ మైదానానికి చోటిచ్చింది. మొదటి మ్యాచ్‌లోనే ఫిన్ అలెన్ 51 బంతుల్లో 151 కొట్టాడు, 19 సిక్సర్లతో. టీ20లో అంతకుముందు ఒక ఇన్నింగ్స్‌లో ఎవరూ అన్ని సిక్సర్లు కొట్టలేదు.

జవాబు: శాన్‌హోసే నుంచి

అక్కా, పెద్దవాళ్లకు, పిల్లవాడికి మొదటి మ్యాచ్ అంటే మా శాన్‌హోసే జెయింట్స్‌కే రండి. జెయింట్స్ సంస్థలో కింది మెట్టు మీది కుర్రాళ్లు ఆడే జట్టు ఇది. 1942లో కట్టిన మున్సిపల్ స్టేడియం, 4 వేల పైచిలుకు సీట్లు, మెట్ల బాధ తక్కువ. టికెట్టు చవక, కాంక్రీటు గోడల మీద రంగురంగుల బొమ్మలు. పిల్లలు ఆటగాళ్ల దగ్గరికి వెళ్లి బంతి మీద సంతకం చేయించుకోవచ్చు. నియమాలు తెలియని మామయ్యగారికి పక్కనే కూర్చుని ఒక్కో బంతీ వివరించే తీరిక ఇక్కడ దొరుకుతుంది. పెద్ద స్టేడియంలో ఆ హోరులో కుదరదు.

జవాబు: సన్నీవేల్ నుంచి

శాన్‌హోసే చెల్లాయి చెప్పినట్టు చేయండి, రెండో మ్యాచ్‌కు శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లండి.

ఫ్రీమాంట్ నుంచి బార్ట్‌లో ఎంబార్కడేరో స్టేషను దాకా వెళ్లి, అక్కడ ఎన్ లైను ట్రామ్ ఎక్కితే స్టేడియం ముందే దిగుతారు. కారు తీసుకెళ్తే పార్కింగుకు టికెట్టంత ఖర్చవుతుంది. రాత్రి మ్యాచ్ అయితే తిరుగు రైలు సమయాలు ముందే చూసుకోండి, దారిలో మారాల్సి రావచ్చు. లోపల లిఫ్టులు ఉన్నాయి. అత్తగారి కోసం టికెట్టు కొనేటప్పుడే మెట్లు లేని వరుస ఏదో చూసి తీసుకోండి. మోకాళ్లు బాగున్నవాళ్లకైతే హోం ప్లేట్ వెనక, పైఅంతస్తు సీట్లు చెబుతాను. ధర తక్కువ, బే అంతా కనిపిస్తుంది. ఆగస్టైనా సరే, అందరికీ స్వెట్టర్లు తీసుకెళ్లండి.

తినడానికి బయటి ఆహారం తెచ్చుకోనిస్తారు, పులిహోర డబ్బా నిశ్చింతగా పట్టుకెళ్లొచ్చు. సంచి ఎంత సైజు ఉండాలో మాత్రం వెళ్లేముందు జట్టు వెబ్‌సైటులో చూడండి. చిరకాల ప్రత్యర్థి డాడ్జర్స్‌తో మ్యాచ్ మొదటిసారికి వద్దు, ధరలూ ఎక్కువ, రద్దీ కూడా. వారం మధ్యలో మధ్యాహ్నం మ్యాచ్ పెద్దవాళ్లకు హాయిగా ఉంటుంది.

కొంచెం ముందుగా వెళ్లి, కుడివైపు నీటి ఒడ్డున నడవండి. ఆ 24 అడుగుల గోడ కింద కమానుల్లో జాలీ తలుపులు ఉంటాయి. అక్కడ నిలబడి ఎవరైనా, టికెట్టు లేకుండా, మూడు ఇన్నింగ్స్ దాకా మ్యాచ్ చూడవచ్చు. మీ అబ్బాయిని అక్కడ, ఔట్‌ఫీల్డర్ వీపు వెనకే, ఒక ఇన్నింగ్స్ నిలబెట్టి, తర్వాత లోపలికి తీసుకెళ్లండి.