లెజెండ్ సినిమా బిడ్డకు ఏది చూపియ్యాలె: 89 నిమిషాలదా, 113 నిమిషాలదా?

పానగల్లు కీబోర్డు:

అన్నలూ అక్కలూ, ముందుగాల చెప్తున్న, నేను అడిగేది బాలకృష్ణ లెజెండ్ గురించి గాదు. రిడ్లీ స్కాట్ తీసిన 1985 లెజెండ్. టామ్ క్రూజ్ అప్పటికి ఇంకా పోరగాడే, అడివిల బతికే జాక్ వేషం. మియా సారా రాజకుమారి లిలీ. ఎర్రటి ఒళ్లు, పెద్ద పెద్ద కొమ్ములతోటి చీకటి దొర వేషం టిమ్ కర్రీది. ఆ మేకప్‌కు రాబ్ బాటిన్ పేరు ఆస్కార్ నామినేషన్ల దాకా పోయింది.

నేను నల్లగొండల పెండ్లిండ్లకు, జాతరలకు ఆర్కెస్ట్రాల కీబోర్డు వాయిస్త. ఈ సినిమా నాకు చెవులకెళ్లి ఎక్కింది. 2006ల డిగ్రీ చదువుతుంటే గడియారం సెంటర్ దగ్గర సీడీలు కిరాయికిచ్చే దుకాణంల ఒక డిస్కు దొరికింది. అది అమెరికాల ఆడిన కోత, 89 నిమిషాలు. దాంట్ల సంగీతం టాంజరిన్ డ్రీమ్‌ది, బెర్లిన్ సింథసైజర్ల జట్టు. నా దగ్గర అప్పుడు సెకండ్ హ్యాండ్ కీబోర్డు ఉండేది. రాత్రిపూట ఇంట్ల అందరు పండుకున్నంక హెడ్‌ఫోన్ పెట్టుకొని, ఆ అడివిల మంచు కురిసినట్టు వచ్చే సౌండును ఒక్కొక్క స్వరం వెతుక్కుంట వాయించేటోణ్ని. ఒక స్వరం ఆగకముందే ఇంకోటి దాని మీద పరుచుకుంటది. ఇయ్యాల పెండ్లిల అప్పగింతలప్పుడు నేను పట్టే స్వరం అక్కడ నేర్చుకున్నదే.

పోయిన నెల డైరెక్టర్స్ కట్, అంటే డైరెక్టర్ తనకు నచ్చినట్టు కూర్చిన తీరు, చూసిన, 113 నిమిషాలు. అండ్ల టాంజరిన్ డ్రీమ్ లేనే లేదు. జెర్రీ గోల్డ్‌స్మిత్ సంగీతం, లండన్ల నేషనల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా, కోరస్, లిలీ పాడే పాటలు. మన ఇంటికే పోయిన గని లోపల సామాను వేరేటోళ్లది అన్నట్టయింది. కథ మాత్రం మొదటిసారి అర్థమయింది. గదే నా బాధ.

నా బిడ్డకు 11 ఏండ్లు. ఎండకాలం సెలవులల్ల ఈ సినిమా చూపిస్తనని మాటిచ్చిన. మొదటిసారి చూసుడు ఒక్కసారే ఉంటది గద. ఏది చూపియ్యాలె? డైరెక్టర్‌ది అంటేనే అసలుది అని ఒక్క మాటల తేల్చకుండ్రి. స్కాట్ మొదటి కూర్పు 125 నిమిషాలు. తనే 113కు తెచ్చిండు. కాలిఫోర్నియా ఆరెంజ్ కౌంటీల జనానికి చూపిస్తె వాళ్లకు కష్టమైంది. దాంతోటి ఐరోపాకు 94 నిమిషాల దాకా కుదించి, గోల్డ్‌స్మిత్ సంగీతం ఉంచిండ్రు. అమెరికా కోసం ఇంక కోసి సంగీతమే మార్చిండ్రు. అంటే కత్తెర స్టూడియోవాళ్ల చేతిల మాత్రమే లేదు, ఆయన చేతిల గూడ ఉన్నది.

జడ్చర్ల డిస్కులు:

ముందు బొమ్మ సంగతి చూసుకో అన్నా. 113 నిమిషాల కూర్పును నెగెటివ్ నుంచి మళ్లీ కట్టలేదు, ఎక్కడో భద్రంగా దొరికిన పాత ప్రింటు నుంచి తీసి 2002లో డీవీడీగా వేశారు. అందుకే అది కొంచెం మెత్తగా, మసకగా కనిపిస్తుంది. 89 నిమిషాలది పదునుగా ఉంటుంది. ఫోన్‌లో తేడా తెలియదు, పెద్ద టీవీలో తెలుస్తుంది. 2021లో ఆరో (Arrow) అనే డిస్కుల కంపెనీ వాళ్లు వేసిన బ్లూరేలో రెండూ ఉన్నాయి. ఈ సినిమాలో గాలిలో తేలే దూది, ఆకుల మధ్య నుంచి దిగే వెలుతురే సగం ప్రాణం. ఛాయాగ్రాహకుడు అలెక్స్ థామ్సన్. అది మసకబారితే నాకైతే మనసు ఒప్పదు. నా ఓటు చిన్నదానికి.

సూర్యాపేట శీను:

ఏ కోత చూపెట్టినా ఒక లోపం అట్లనే ఉంటది. హీరోకు బలం లేదు. పాతాళభైరవిల ఎస్వీ రంగారావు మాంత్రికుడు ఎంత మింగేసేటట్టు ఉన్నా, ఎదురుంగ తోట రాముడు నిలబడ్డడు. ఇద్దరి మధ్య తూకం ఉన్నది. ఈడ చీకటి దొర తెర మీదికి వచ్చినంక జాక్ దిక్కు కండ్లే పోవు. 24 నిమిషాలు కలిపినా టామ్ క్రూజ్‌కు ఆ తూకం రాలే. బిడ్డకు పాతాళభైరవి చూపెట్టు అన్నా, తర్వాత ఇది.

మిర్యాలగూడ ఆపరేటర్:

తమ్మీ, నేను మిర్యాలగూడల టాకీసుల 30 ఏండ్లు ఆపరేటర్ పని చేసిన. నువ్వు రాసింది చదివి, మనవనితోటి పెట్టిచ్చుకొని రెండు తీర్లు చూసిన.

24 నిమిషాలు తేడా అంటున్నరు. నాకు నిమిషాలల్ల చెప్తె తలకెక్కదు. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తది. 24 నిమిషాలంటే 2160 అడుగులు. వెయ్యి అడుగుల రీళ్లు రెండు పోను ఇంక మిగులుతది. రెండు డబ్బాలు పక్కకు పెట్టి సినిమా ఆడిస్తె ఎట్లుంటదో నాకు ఎరుక, ఎందుకంటే నేను ఆడిచ్చిన.

అది 80లల్ల సంగతి. సంక్రాంతికి ఐదు ఆటలు వెయ్యాలని యజమాని పట్టు. జానపద సినిమా, 16 రీళ్లు. టైము సరిపోదు, రెండు పాటలు తియ్ అన్నడు. తీసిన. చెయ్యి వణికింది గని తీసిన. బ్లేడుతోటి ఫిల్ము మీది మసాలా గీకి, ఫిల్ము సిమెంటు అనే జిగురు రాసి, రెండు కొసలు ఒత్తి పట్టి అతికిస్తం. ఇదంత బయటోళ్లకు తెల్వదు. ఇంకోటి గూడ తెల్వదు: ఫిల్ము మీద బొమ్మ, దాని సౌండు ఒక్కతాన ఉండయి. సౌండు ఇరవై ఫ్రేముల దాకా ముందు ఉంటది. ప్రొజెక్టర్ల బొమ్మ పడే చోటు వేరు, సౌండు చదివే చోటు వేరు, అందుకని. బొమ్మను చూసి ఎక్కడ కోస్తవో, అక్కడ సౌండు వేరే చోట తెగుతది. దాదాపు సెకండంత. నేను తీసిన పాట అయిపోంగనే తల్లి బిడ్డను పిలుస్తది. ఆ పిలుపుల మొదటి అచ్చరం పోయింది. బొమ్మ మంచిగనే దుంకింది, ఎవ్వరికి అనుమానం రాలే. చెవి పట్టుకున్నది. రెండో ఆటకు నేల టికెట్ల ఒక ముసలమ్మ, అంతకుముందు చూసినట్టున్నది, ఆట వదిలినంక మెట్ల కాడ నిలబడి, "అయ్యా, ఆ తల్లి పిలుపు ఏమైంది?" అని అడిగింది. పాటలు ఏమైనయని అడగలే. పిలుపు అడిగింది. నేను ఏం చెప్పాలె ఆమెకు.

అందుకని నీ సంగీతం గొడవ నాకు అర్థమైతది. 113 నిమిషాల బొమ్మకు కొలిచి రాసిన సంగీతం 94 నిమిషాలకు నిలవదు. ఏడ కోసినా సంగీతానికి తాకుతది. ఆ లెక్కన అమెరికావాళ్లు కోసిన బొమ్మకు కొత్తగ సంగీతం చేపిచ్చుడు తప్పని నేననను. బట్ట కురచ అయినంక దానికి తగ్గట్టు మల్ల కుట్టిచ్చిండ్రు. అందుకే చిన్నది నీకు చెవులకు అతికినట్టున్నది. అతుకు కనవడదు దాంట్ల.

కని నేను పెద్దదే ముందు చూపెట్టుమంట. కారణం ఒక్కటే. చిన్నదాంట్ల చీకటి దొరను షురువులనే చూపెట్టిండ్రు. పెద్దదాంట్ల దాచి దాచి, లిలీ ఒక్కతి ఉన్నప్పుడు అద్దంల నుంచి అడుగు బయట పెడ్తడు. అప్పుడు నిండ కనవడ్తడు. టాకీసుల నేనుంటే ఆ క్షణం జనం ఊపిరి పట్టేది నా కేబిన్ల కిటికీకాడికి ఇనవడేది. 11 ఏండ్ల పిల్లకు ఆ ఊపిరి ముందే ఖర్చు చెయ్యకు.

పాలమూరు టీచరమ్మ:

ఆపరేటర్ పెద్దాయనకు దండం. ఆ ముసలమ్మ మాట చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

శీను తమ్ముడూ, తూకం జాక్‌కీ చీకటికీ మధ్య వెతికితే దొరకదు. ఈ కథ లిలీది. మన దగ్గర ప్రతి నాయనమ్మా చెప్పిన కథే ఇది: మూడు దిక్కులకు పో, నాలుగో దిక్కుకు పోకు. పోతేనే కథ. ఒంటికొమ్ము గుర్రాన్ని ముట్టుకోవద్దని తెలిసీ లిలీ చెయ్యి చాపింది. ఆ ఆదమరుపులో దాని కొమ్ము పోయింది, అడివి గడ్డకట్టింది. పెద్ద కూర్పులో ఆమె పాడుతుంది, ఆ పాటకు గుర్రం దగ్గరకొస్తుంది, ఆ ఆశను మనం కూడా ఆమెతోపాటు అనుభవిస్తాం. అందుకే తప్పు బరువుగా తగులుతుంది. చిన్నదానిలో ఆ పాట కుదించారు కాబట్టి ఆమె ఊరికే తొందరపడిన పిల్లలా మిగిలింది.

జాక్ సంగతీ అంతే. లిలీని అక్కడికి తీసుకుపోయింది తనేనని ఒప్పుకున్నప్పుడు, పెద్దదానిలో అడివిలో ఉండే మాయలోకపు పిల్లాడు గంప్ మండిపడి అతనికి పొడుపుకథ వేస్తాడు. విప్పకపోతే చావే. విడుపు గంట ఆకారపు పువ్వు. పొడుపుకథ లేని జానపదం ఉంటుందా? అమెరికా కూర్పులో దాన్ని తీసేశారు, జాక్‌కు శిక్షా లేదు, పరీక్షా లేదు. శీను అన్న బలం లేకపోవడంలో కొంత ఈ కోత వల్ల వచ్చిందే. కొంత మాత్రమే, ఆ పాత్ర రాతలోనే పలుచన, అది నేనూ ఒప్పుకుంటాను.

ముగింపు కూడా చూడండి. చిన్నదానిలో ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని పొద్దువాలే దిక్కుకు పోతారు, వెనక చీకటి నవ్వుతుంది. పెద్దదానిలో లిలీ తన ఇంటికి, జాక్ తన అడివికి. ఇంత జరిగాక ఒక ఆడపిల్ల ముందు ఇంటికి పోవాలనుకోవడం నాకు చాలా నిజంగా అనిపించింది. 11 ఏళ్ల పిల్లకు నేను చూపించాలనుకునే ముగింపు అదే.

ఒక చిన్న మాట. మా పిల్లలకు ఈ సినిమా అడివి చూపిస్తే పిల్లలమర్రి అన్నారు, మా పాలమూరు దగ్గరి పెద్ద మర్రిచెట్టు అది. ఊడలు అలాగే ఉంటాయి మరి. ఆ అడివి మొత్తం లండన్ దగ్గర పైన్‌వుడ్ స్టూడియోలో కప్పు కింద కట్టింది, 1984 జూన్‌లో ఆ స్టేజీ కాలిపోయింది కూడా. 2018లో మా పిల్లలమర్రికి చెదలు పట్టి సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించినప్పుడు చూసిన పిల్లలు వీళ్లు. కొమ్ము తెగితే అడివి ఎందుకు చల్లబడిందో వాళ్లకు నేను వివరించాల్సిన పని పడలేదు.

పానగల్లు కీబోర్డు:

అందరికి దండాలు. ఆపరేటర్ కాకా, నువ్వన్నది కరెక్టే. ఐరోపా కోతల గోల్డ్‌స్మిత్ సంగీతాన్ని ముక్కలు చేసి, అది చాలక ఆయన సైకో 2 సినిమా కోసం రాసిన ముక్కను గూడ తెచ్చి అతికించిండ్రు. అంతకుముందు ఏలియన్ సినిమాకు గూడ ఆయన సంగీతాన్ని గిట్లనే కదిలించిండ్రు, అదీ స్కాట్ సినిమానే. సినిమా షూటింగు కంటె ముందే లిలీ పాటలు కట్టిన మనిషి. రెండుసార్లు గట్లయితే ఎంత నొచ్చుకున్నడో. ఒక పాటల రెండు నిమిషాలు నాది తీసేస్తెనే నాకు ఆ రాత్రి అన్నం దిగదు. ఇన్నేండ్లు నేను ఆయన పక్కన నిలబడి వినలే, టాంజరిన్ డ్రీమ్ పక్కన్నే ఉన్న. ఈ వారం హెడ్‌ఫోన్ పెట్టుకొని పెద్దదాన్ని కండ్లు మూసుకొని ఇన్న. ఆయన గూడ ఆర్కెస్ట్రా నడుమ సింథసైజర్లు వాడిండు, అది నేను మొదటిసారి పట్టుకోలే.

నిన్న పెద్దదే చూపించిన. బొమ్మ మసకగనే ఉన్నది, జడ్చర్ల తమ్ముని మాట నిజం, బిడ్డ మాత్రం ఆ ముచ్చటే ఎత్తలే. చీకటి దొర అద్దంలకెళ్లి వచ్చినప్పుడు నా ముంజేతి మీద దాని గోర్లు దిగినయి, గుర్తు ఇంకా ఉన్నది. కాకా చెప్పిన ఊపిరి నేను గూడ విన్న.

చివర్ల ఎండను పళ్లాల మీద పట్టి ఒకదాని నుంచి ఇంకోదానికి మళ్లిస్తరు గద, ఆడ బిడ్డ లేచి కూసున్నది. మా ఊరి ఛాయా సోమేశ్వరంల గర్భగుడిల పగలంత కదలకుంట నిలిచే నీడను చిన్నప్పటి నుంచి చూసిన పిల్ల. ఆ నీడ ఒక్క స్తంభానిది గాదు, బయటి వెలుతురు స్తంభాల సందులకెళ్లి లోపలికి వచ్చుడు వల్ల పడ్డదని బళ్లె సారు చెప్పిండట. "నాయినా, మన గుళ్లె వెలుతురుతోటి నీడను నిలబెట్టిండ్రు, వీళ్లు వెలుతురుతోటి నీడను ఎల్లగొడ్తున్నరు" అన్నది. సినిమా ఆపి, మల్ల ఎనకకు తిప్పి, ఆ పళ్లాల సీను మూడుసార్లు చూసింది.

లిలీ ఇంటికి పోయినంక మాత్రం దానికి దిగులు పట్టింది. మల్ల వస్తదా రాదా అని పండుకునేదాక అడిగింది. టీచరమ్మా, నువ్వు మెచ్చిన ముగింపే దానికి ముల్లు లెక్క గుచ్చుకున్నది. శనివారం నకిరేకల్‌ల పెండ్లి ఉన్నది నాకు. ఆదివారం చిన్నది పెడ్త. టాంజరిన్ డ్రీమ్ మొదటి స్వరం పడ్డప్పుడు దాని మొఖం చూడాలె నేను.