అవస్థ దక్షులా, అధ్యక్షులా?

విజయనగరం విద్యార్థిని: మా కాలేజీ వాళ్లు అసెంబ్లీ చూపిస్తామని వెలగపూడి తీసుకెళ్లారు. గ్యాలరీలోకి ఫోన్లు రానివ్వరు కాబట్టి రికార్డింగ్ లేదు. ప్రశ్నోత్తరాలయ్యాక ఒక సభ్యుడు లేచి పద్యం అందుకున్నారు, అటుపక్క నుంచి ఒకటే కేకలు. నా చెవిన పడ్డది ఇంతే: ‘...బారినదైన యవస్థ అధ్యక్షు లెవ్వార లుపేక్ష చేసి...’ భారతంలో కౌరవసభకి రాయబారం వెళ్లిన కృష్ణుడు చెప్పే తిక్కన పద్యమని తెలుసు. అధ్యక్షులెక్కడి నుంచి వచ్చారు? పాఠాంతరమా, స్పీకర్ గారికి చురకా?

బొబ్బిలి మాస్టారు: పాఠాంతరం కాదమ్మా. ఉత్పలమాలలో అక్కడ ఒక అక్షరం ఎక్కువైపోతుంది, గణమూ చెడుతుంది.
సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁ బారినదైన యవస్థ దక్షులె
వ్వార లుపేక్ష చేసి రది వారల చేటగుఁ గాని ధర్మని
స్తారకమయ్యు సత్యశుభదాయకమయ్యును దైవముండెడిన్

పార్వతీపురం: మాస్టారూ, రెండో పాదం ‘భారము’ కాదా? మా ఇంట్లో ఉన్న పాత గైడులో అలాగే ఉంది. ధర్మం బరువు మొయ్యలేక కూలిపోయిందని తాత్పర్యం కూడా రాశాడు.

బొబ్బిలి మాస్టారు: గైడు పక్కన పెట్టండి. అది పారము, అంటే అవతలి గట్టు. ‘చేన్’ మీది ద్రుతం, అంటే చివరి నకారం వల్ల పకారం బకారమైంది. మీ వాడు అరసున్న ఎగరగొట్టి, బకారానికి ఒత్తు తగిలించాడు.

పార్వతీపురం: యతికి మాత్రం భా అయినా చెల్లుతుంది కదండీ, ‘బారిన’లోని బాకి.

రాజాం: చెల్లుతుంది. అందుకే ఇక్కడ యతిని సాక్షిగా పిలిచి లాభం లేదు. నాలుగో పాదంలో నిస్తారకం చూడండి. నిస్తారకమంటే దాటించేది. పైన ధర్మం గట్టు చేరలేకపోయింది, కింద దాన్ని దాటించడానికి దైవం ఉంది. భారము అన్నారంటే ఆ లంకె తెగిపోతుంది.

శ్రీకాకుళం: గిడుగు వారు పుట్టిన జిల్లా వాళ్లం, అరసున్న కోసం ఇంత రభసా?

బొబ్బిలి మాస్టారు: ఆయన వాడుక భాష రాయమన్నారు గాని తిక్కన్ని దిద్దమన్లేదు.

ఆమదాలవలస: భారం పుస్తకం నుంచి రాలేదు, హార్మోనియం నుంచి వచ్చింది. మా ఊళ్లో రాయబారం ఆడినప్పుడల్లా కృష్ణుడు తిరుపతి వెంకట కవుల పద్యాల మధ్య దీన్నీ దూర్చేవాడు. ‘బా’ దగ్గర గొంతు తెరిచి రాగం తీస్తే ఎవరికైనా ‘భా’ అనే వినిపిస్తుంది. ‘చెల్లియో చెల్లకో’కి వన్స్‌మోర్ పడ్డాక అంత ఊపిరి ఎక్కడ మిగుల్తుంది గానీ, అదో పెద్ద కథ.

పాలకొండ: అందరూ బా దగ్గరే ఆగిపోయారు. అసలు మాట ‘దక్షులు’. మూలంలో వ్యాసుడేమన్నాడో చూడండి: ‘హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః’. చూస్తూ కూర్చున్న సభాసదులంతా చచ్చినట్టేనన్నాడు. తిక్కన సభాసదుల్ని తీసేసి దక్షుల్ని కూర్చోబెట్టాడు. సభలో ఉన్నవాళ్లందరికీ కాదు, ఆపగలిగీ ఆపనివాళ్లకే చేటు. భీష్ముడికీ ద్రోణుడికీ సూటిగా తగులుతుంది. నెల్లూరు రాజు మనుమసిద్ధి దగ్గర మంత్రిగా చేసిన తిక్కనకే ఆ తేడా తెలుస్తుంది.

రాజాం: బాగుంది గాని, యతిప్రాసల ఇరుకులో దొరికిన మాట కావచ్చు. ప్రతిదానికీ మంత్రిపదవి ముడిపెట్టకండి.

పాలకొండ: ‘దక్షులె’ యతిస్థానంలోనూ లేదు, ప్రాసస్థానంలోనూ లేదు. ఇరుకెక్కడ?

విజయనగరం విద్యార్థిని: మాస్టారూ, నా అధ్యక్షులు?

శ్రీకాకుళం: ఏటుంది తల్లీ, అది ఊతపదం. సభలో ప్రతి వాక్యానికీ ‘అధ్యక్షా’ అనాలి కదా. ‘యవస్థ, అధ్యక్షా, దక్షులెవ్వార’ అనుంటారు. కేకల్లో రెండూ కలిసిపోయాయి.

పార్వతీపురం: నాకలా అనిపించట్లేదు. పద్యం మధ్యలో ఊతపదం పడదు, తాళం తప్పుతుంది. కావాలనే అన్నారు. సభ రికార్డు తీసి చూడండి, అక్కరం పొల్లుపోకుండా రాస్తారు.

బొబ్బిలి మాస్టారు: రాసేవాళ్లూ విన్నదే రాస్తారు. అందులో ‘భారము’ అని పడుంటే?

పార్వతీపురం: పడుంటే మా గైడు నెగ్గినట్టే.

పాలకొండ: ఇంకోటి. మూలంలో ‘ప్రేక్షమాణానాం’ ఉంది. గ్యాలరీలో కూర్చున్న పిల్లలు చప్పట్లు కొట్టకూడదు, నోరెత్తకూడదు. వ్యాసుడి లెక్కలో వాళ్లెక్కడికొస్తారు?

రాజాం: సభాసదులు కారు, దక్షులూ కారు. వదిలెయ్యండి.

ఆమదాలవలస: ఆ రాయబారం సంగతి చెప్తానన్నాను కదా. మా కృష్ణుడు ‘జెండాపై కపిరాజు’ ఎత్తుకున్నాడంటే కరెంటు పోయినా ఆపేవాడు కాదు...