గెలాక్సీ కోతలో వైరు బీడ్లు ఒకవైపే అరుగుతున్నాయి, కారణం ఏంటి?

రామతీర్థం బెంచి
చీమకుర్తి గెలాక్సీ, అదే బంగారు చుక్కల నల్ల గ్రానైట్. వెనక గోడ నిలువు కోత, పొడుగు 10 మీటర్లు, లోతు 6. మిషను 60 హెచ్‌పీ. వైరు (వజ్రపు గింజలు పొదిగిన బీడ్లు, అంటే చిన్న లోహపు పూసలు, గుచ్చిన ఉక్కు రోపు) కొత్తది, 40 మీటర్లు: 5 ఎంఎం రోపు, 11.5 ఎంఎం బీడు, మీటరుకు 40 బీడ్లు, రబ్బరు పోసింది. రెండు కోతలకే బీడు ఒకపక్క చదునైంది. వెర్నియర్ పెడితే 11.2, అదే బీడును పావు చుట్టు తిప్పి పెడితే 10.4. కోత వేగం సగానికి పడింది. అమ్మినాయన "మీ రాయి గట్టిది" అంటాడు. బెంచి (క్వారీలో కోసే మెట్టు) మీద వాళ్లు "డూప్లికేట్ వజ్రం" అంటున్నారు. ఏది నమ్మాలి?

ఫ్లైవీలు
రెండూ కాదన్నా. నీ రెండు కొలతల్లోనే జవాబుంది. వజ్రం నాసిదైతే బీడు చుట్టూతా ఒకేలా తొందరగా అరుగుద్ది. ఒకపక్కే తిన్నదంటే వైరు పరిగెత్తుతోంది గానీ తన చుట్టూ తాను పొర్లడం లేదు. రెండు కొసలూ అతికి వలయంగా జాయింట్ వేసే ముందు, వైరును తన చుట్టూ తిప్పి మెలిక పెట్టారా?

రామతీర్థం బెంచి
నాలుగైదు చుట్లు తిప్పి వేశారు.

ఫ్లైవీలు
అదే దెబ్బ. మీటరుకు 1 నుంచి 2 చుట్లు కావాలి. 40 మీటర్ల వైరుకు ఒకటిన్నర లెక్కన 60 చుట్లు. నాలుగైదంటే లేనట్టే. తిప్పేటప్పుడు రోపు తీగల మెలిక బిగిసే వైపే తిప్పాలి, విప్పుకునే వైపు తిప్పితే రోపు పూలుపూలుగా విచ్చుకుంటది.

వరస ఇది. ముందు వైరును రాతిలో డ్రిల్లు వేసిన హోల్స్‌లో నుంచి లాగి, చేత్తో ముందుకీ వెనక్కీ ఆడించి ఎక్కడా పట్టకుండా చూడు. రాతి అంచులు పదునుగా ఉంటే ఉలితో మొన కొట్టెయ్యి, లేకపోతే మొదటి అరగంటలోనే రబ్బరు చీరుకుపోద్ది. జాయింట్ దగ్గర రోపును గ్రైండరుతో శుభ్రంగా కొయ్యాలి, ఉలి పెట్టి కొడితే కొస నలిగి కనెక్టరులోకి (రెండు కొసలు కలిపే లోహపు గొట్టం) పూర్తిగా దూరదు. కొస మీద రబ్బరు మొత్తం గీకెయ్యి. ఒక కొస కనెక్టరులో పెట్టి ప్రెస్ చేసి, రెండో కొసను పట్టుకుని చుట్లు లెక్కపెడుతూ తిప్పి, వదలకుండా రెండో వైపు ప్రెస్ చెయ్యి. లెక్క పైకి చెప్పమను, మధ్యలో మాటల్లో పడితే 60 కాస్తా 40 అవుద్ది.

మిషను వెనక్కి జరిగి పట్టాలు అయిపోయాక వైరు ముక్క తీసి మళ్లీ అతికిస్తారు గదా, అప్పుడూ మెలిక కొత్తగా పెట్టాల్సిందే. చాలా బెంచీల్లో మొదటిసారి పెడతారు, రెండో జాయింట్ నుంచి మర్చిపోతారు.

గుండ్లాపల్లి సెగ్మెంట్
దానికి తోడు ఇంకోటి చూడండి. అతికించేటప్పుడు వైరు దిశ మారిందా? వైరు మీద బాణం గుర్తు ఉంటది. బీడును పదింతల భూతద్దంలో చూస్తే ఒక్కో వజ్రపు గింజ వెనక లోహం చిన్న తోకలాగా మిగిలి ఉంటది. గింజ ముందు లోహాన్ని రాతిపొడి తినేస్తది, వెనక మాత్రం గింజే అడ్డుండి కాపాడతది. ఆ తోకే గింజకి దన్ను. వైరు తిరగేసి వేస్తే దన్ను లేని వైపు నుంచి దెబ్బ పడి గింజలు ఊడిపోతాయి. గింజ ఊడినచోట గుంట మిగులుద్ది.

భూతద్దంలో గుంటలే ఎక్కువ కనిపిస్తే: దిశ మారింది, లేదా లాగుడు (మిషను వైరును బిగించి లాగే బలం) ఎక్కువైంది. గింజలు ఉండి, పైభాగం అద్దంలా నున్నగా మెరుస్తుంటే: బీడు మొద్దుబారింది. గింజలు పగిలి కొత్త మొనలు లేచి ఉంటే బీడు బాగున్నట్టే, కారణం వేరేచోట వెతకాలి.

రామతీర్థం బెంచి
చూశా. అరిగిన పక్క గింజలు నున్నగా ఉన్నాయి. గుంటలు తక్కువే.

గుండ్లాపల్లి సెగ్మెంట్
అయితే మెలిక లేకపోవడంతో పాటు మొద్దుబారడం కూడా ఉంది. స్పీడు ఎంతలో పెట్టారు?

కంప్రెసర్ తమ్ముడు
స్పీడు పెంచితే కోత పెరుగుద్ది గదా? పాలరాయికి సెకనుకు 35, 40 మీటర్లలో నడుపుతారు.

ఫ్లైవీలు
పాలరాయి లెక్క ఇక్కడ తేబాకు తమ్ముడూ. పాలరాయి మెత్తన. ఈ రాయికి సెకనుకు 25 మీటర్ల అటూ ఇటూ చాలు. స్పీడు పెరిగేకొద్దీ ఒక్కో గింజ రాయిలోకి దిగే లోతు తగ్గుద్ది. దిగకుండా పైపైన రాసుకుంటే నున్నబడేది గింజే, రాయి కాదు.

లెక్క కట్టుకోవడం తేలిక: వైరును తిప్పే చక్రం అడ్డకొలత మీటర్లలో × 3.14 × నిమిషానికి చుట్లు, దాన్ని 60తో భాగించు. 0.8 మీటర్ల చక్రం 600 చుట్లు తిరిగితే 25 వస్తది. 850 తిప్పితే 35 దాటుద్ది. ఇన్వర్టరు మీద కనపడే హెర్ట్జ్ చూసి సరిపెట్టుకోబాక, చక్రం అరిగినా మార్చినా లెక్క మారిపోద్ది.

మొద్దుబారిన వైరుకి మందు: స్పీడు కొంచెం దించి, లాగుడు కొంచెం పెంచి కాసేపు నడపడం. ఆంపియర్లు మిషను ప్లేటు మీద రాసిన హద్దు దాటకూడదు. అప్పటికీ తెరుచుకోకపోతే గరుకు రాయి ఏదన్నా కోయించాలి. ఇసుకరాయైతే మేలు.

రాళ్ల మాస్టారు
"రాయి గట్టిది" అన్న మాటను కాస్త విడదీసి చూడాలి. గెలాక్సీని మార్కెట్లో గ్రానైట్ అంటాం గానీ అది గాబ్రో జాతి రాయి. ప్లేజియోక్లేజ్, పైరాక్సీన్ ఖనిజాలే ఎక్కువ. మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్, అదీ పైరాక్సీన్ జాతే. అసలు గ్రానైట్‌లో దండిగా ఉండే క్వార్ట్జ్ ఇందులో చాలా తక్కువ. గట్టితనం చెప్పే మోహ్స్ కొలతలో క్వార్ట్జ్ 7, ఈ ఖనిజాలు 5 నుంచి 6.5. అంటే మన రాయి దట్టం, మొండి, కానీ గరుకు తక్కువ.

దాని ఫలితం వైరు మీద పడుతుంది. బీడులో వజ్రాన్ని పట్టుకున్న లోహం కోబాల్ట్, ఇనుము, కంచు పొళ్ల మిశ్రమం. క్వార్ట్జ్ ఉన్న రాయి ఆ లోహాన్ని చకచకా తినేసి లోపలి కొత్త గింజను బయటపెడుతుంది, అక్కడ గట్టి లోహం కావాలి. గరుకులేని గెలాక్సీ లోహాన్ని తినదు, పాత గింజే నున్నబడి కూర్చుంటుంది. ఇక్కడ మెత్తని లోహం కావాలి. ఎర్ర గ్రానైట్‌కి బ్రహ్మాండంగా పనిచేసిన వైరు చీమకుర్తిలో మొద్దుబారడం అందుకే. కొనేటప్పుడు "గ్రానైట్ వైరు" అని అడిగితే సరిపోదు, గాబ్రో అని చెప్పాలి.

ఇక "డూప్లికేట్" సంగతి. ఈ బీడుల్లోది గనిలో తవ్విన వజ్రం కాదు, ప్రెస్సులో చేసింది. అయినా వజ్రమే. భూమిలో 150, 200 కిలోమీటర్ల లోతున, 900 నుంచి 1300 డిగ్రీల వేడిలో, 45 వేల వాతావరణ పీడనాలకు పైబడిన ఒత్తిడిలో కార్బన్ వజ్రంగా పేరుకుంటుంది. కింబర్లైట్ శిలాద్రవం దాన్ని చాలా వేగంగా పైకి మోసుకొస్తుంది. నింపాదిగా వస్తే దారిలోనే గ్రాఫైట్ అయిపోతుంది. ప్రెస్సులో గ్రాఫైట్‌కి ఇనుము, నికెల్, కోబాల్ట్ లాంటి లోహం కలిపి, 50, 60 వేల వాతావరణ పీడనాల కింద 1300 డిగ్రీలు దాటిస్తారు. కరిగిన లోహం కార్బన్‌ను తనలో కలుపుకుని వజ్రంగా దించుతుంది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాల 1954 డిసెంబరులో ఇది సాధించింది. ఆ గింజ పసుపుగా ఉండేది నైట్రోజన్ వల్ల.

నాణ్యతలో తేడా వచ్చేది ఆ తరవాత. ముద్దను ఆమ్లంలో వేసి లోహం కరిగించి, గింజల్ని జల్లెడ పడతారు. 40/50 మెష్ (జల్లెడ నంబరు) అంటే గింజ 300 నుంచి 425 మైక్రాన్లు. వణికే పళ్లెం మీద వేస్తే గుండ్రటివి దొర్లిపోతాయి, వంకరవి ఆగిపోతాయి. చివర అయస్కాంతం పెడతారు: లోపల లోహపు మచ్చ చిక్కుకున్న గింజ అక్కడ దొరుకుతుంది. వేడెక్కితే ఆ మచ్చ వజ్రం కంటే ఎక్కువ వ్యాకోచించి గింజను లోపలినుంచే చీలుస్తుంది. చవక వైరులో ఉండేది ఈ రకం. నాసిరకమే, డూప్లికేట్ కాదు.

కంప్రెసర్ తమ్ముడు
మాస్టారూ, అయితే మన బెంచీల్లో అసలు వజ్రం పడే అవకాశం ఉందా?

రాళ్ల మాస్టారు
లేదు నాయనా. వజ్రానికి కింబర్లైట్ లాంటి రాయి కావాలి, అనంతపురం వైపు వజ్రకరూరులో ఉన్నట్టు. లేదంటే అలాంటి రాయి అరిగి కొట్టుకొచ్చిన ఏటి కంకర కావాలి, కృష్ణ ఒడ్డున కొల్లూరులో దొరికింది అలాగే. గాబ్రో అంత లోతు నుంచి వచ్చే రాయి కాదు. గూడూరు, సైదాపురం వైపు తళతళలాడేది అభ్రకం.

నీళ్ల ట్యాంకరు
నీళ్ల గురించి ఎవురూ అడగలేదే. ఎండాకాలం సగం వైర్లు పోయేది దీనికే. వజ్రం ఎంత గట్టిదైనా వేడికి ఓర్చుకోదు, గాల్లో 700 డిగ్రీలు దాటితే పాడవడం మొదలు. దానికంటే చాలా ముందే రబ్బరు కరిగి, బీడ్లు జరిగి ఒకచోట గుంపుపడతాయి. ఆ జాగాలో రోపు బోడిగా రాయికి తగిలి పుటుక్కున తెగుద్ది.

నిమిషానికి 20 లీటర్లకి తగ్గించబాకండి. మీటరు అక్కర్లా, 20 లీటర్ల క్యాను పైపు కింద పెట్టి నిమిషంలో నిండిద్దో లేదో చూడండి. నీళ్లు పడాల్సింది వైరు రాయిలోకి దూరే చోట, బయటికొచ్చే చోట కాదు. బయటికి బూడిదరంగు బురద జారుతా రావాల. పొడి లేచినా ఆవిరి కనపడినా వెంటనే ఆపండి. గుంటలో నీళ్లే మళ్లీ తోడుతుంటే అడుగు బురద పంపులోకి రాకుండా, పీల్చే పైపు కొసనున్న ఫుట్‌వాల్వు పైకెత్తి కట్టుకోండి.

ఫ్లైవీలు
బెంచి మీద అందరికీ ఒక మాట. వైరు తిరిగే గీతకి ఎదురుగా గానీ వెనక గానీ నిలబడబాకండి. తెగితే రోపు కొరడాలా కొడతది, బీడు తూటాలా లేస్తది. కంట్రోల్ ప్యానెల్ పక్కకి, దూరంగా పెట్టాలి. బయట కనపడే వైరు మీద పాత కన్వేయర్ బెల్టు ముక్కలు వేలాడగట్టాలి. ఎక్కువ తెగేది కోత చివర్లో, వలయం చిన్నదై వంపు బిగుసుకున్నప్పుడు. అప్పుడు అడ్డపుల్లీలు పెట్టి వంపు పెద్దది చెయ్యి, స్పీడు దించు.

రామతీర్థం బెంచి
మెలిక 60 చుట్లు పెట్టి, స్పీడు 25కి దించి చూస్తాం. ఒక్క సందేహం: ఇప్పుడు సగంలో ఉన్న కోతకి కొత్త వైరు వేసి ముగించొచ్చా?

గుండ్లాపల్లి సెగ్మెంట్
వద్దు. ఇప్పుడు ఆ గాడి వెడల్పు అరిగిన బీడుకి సరిపడా ఉంటది, 11.5 బీడు అందులో ఇరుక్కుంటది. పాత వైరుతోనే నెమ్మదిగా ముగించండి. అందులో కొత్త ముక్క అతికించినా అదే గోల, లావు బీడ్లే బరువంతా మోసి ముందు పోతాయి. ఈ వైరు తీసేటప్పుడు పది చోట్ల కొలిచి, సగటు సైజు చీటీ మీద రాసి వైరుకే కట్టెయ్యండి.