టీ440పీలో ప్రాసెసర్ మార్చాలా, ఉన్నదాంతోనే నడపాలా?

తుంగభద్ర_గట్టు, కర్నూలు:
లెనోవో థింక్‌ప్యాడ్ టీ440పీ. ఐ5-4300ఎం, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. తమ్ముడు ఇంజనీరింగ్ చదువుతాండాడు, ఫోన్ యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో కావాల. ఐ7-4712ఎంక్యూ సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాంది. వేయించమంటారా?

పెన్నా_ఒడ్డు, కడప:
వద్దన్నా. ముందు తమ్ముడు పని చేసేటప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి చూడు. డిస్క్ నూరు శాతం కొడుతూ సీపీయూ ముప్పై దగ్గరుంటే ప్రాసెసర్‌ది తప్పు కాదు. ఆండ్రాయిడ్ స్టూడియోకే కనీసం 8 జీబీ కావాలి. ర్యామ్ నిండగానే విండోస్ హార్డ్ డిస్క్ మీద పడుతుంది, అంతా అక్కడే ఆగిపోతుంది. హార్డ్ డిస్క్ బదులు 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి, 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు వేసుకో. ర్యామ్ డీడీఆర్3ఎల్ రకం, 1.35 వోల్టులదే తీసుకో. ఆ ఐ5, ఐ7 చిప్పులు రెండింటి టర్బో, అంటే అందుకోగల గరిష్ఠ వేగం, 3.3 గిగాహెర్ట్జే కాబట్టి ఒక్క కోర్ (చిప్పులో లెక్కలు చేసే భాగం) మీద నడిచే పనికి తేడా ఏమీ తెలీదు.

అనంత_బెంచ్, అనంతపురం:
ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ముందు అంటే సరే. అక్కడితో ఆపమంటే మాత్రం ఒప్పుకోను. గ్రేడిల్ బిల్డ్, అంటే ఆండ్రాయిడ్ స్టూడియోలో రాసిన కోడ్‌ను యాప్‌గా కట్టే పని, ఉన్న కోర్లన్నీ వాడుకుంటుంది. 2 కోర్ల నుంచి 4 కోర్లకు పోతే ఆ తేడా కంటికి కనపడుతుంది. పైగా ఐదో తరం నుంచి ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్పులు బోర్డుకే సోల్డర్ చేసి వస్తున్నాయి, మార్చుకునే వీలున్న ల్యాప్‌టాప్ చిప్పుల్లో దీంట్లో ఉన్న నాలుగో తరమే ఆఖరిది.

పెన్నా_ఒడ్డు, కడప:
మే నెల ఎండలో నాలుగు కోర్లూ ఒకేసారి తిరిగితే? నూరు డిగ్రీలు తాకగానే చిప్పు తన వేగం తానే తగ్గించుకుంటుంది. పెట్టిన డబ్బు అక్కడే పోతుంది.

అనంత_బెంచ్, అనంతపురం:
అందుకే 47 వాట్ల 4800ఎంక్యూ వద్దంటాను. 4712ఎంక్యూ ఇప్పుడున్న ఐ5 లాగే 37 వాట్లు. చిప్పు వేడిని లాగే హీట్‌సింక్, వేడి గొట్టాలు రెండున్నది వేస్తే ఇంకా మేలు, వేరే గ్రాఫిక్స్ చిప్పున్న టీ440పీలకు వచ్చేది అదే. త్రాటిల్‌స్టాప్ అనే విండోస్ ప్రోగ్రాములో చిప్పుకిచ్చే వోల్టేజీ 50 మిల్లీవోల్టులు తగ్గించి చూడొచ్చు.

వేసేటప్పుడు పాత చిప్పు మీదుండగానే బయోస్ (మిషన్ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డులోని ప్రోగ్రాము) అప్‌డేట్ చెయ్యాలి. 4712ఎంక్యూ 2014లో వచ్చింది, పాత బయోస్ దాన్ని గుర్తుపట్టకపోవచ్చు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డే పోతుంది, బ్యాటరీ నిండుగా ఉండాల. తర్వాత అడాప్టరు, బ్యాటరీ తీసేసి, కింది మూతకున్న రెండు స్క్రూలు విప్పితే హీట్‌సింక్ కనపడుతుంది, దాన్ని తీసెయ్యి. సాకెట్ పక్కనున్న లాక్ స్క్రూను చదును స్క్రూడ్రైవర్‌తో సగం చుట్టు తిప్పి, చిప్పును నిట్టనిలువుగా లేపు. మూల త్రికోణం గుర్తు కలిపి కొత్తది పెడితే దానంతటది కూర్చుంటుంది. వేలితో నొక్కినావంటే పిన్నులు వంగుతాయి. చిప్పు పైన లోహపు మూత ఉండదు, సిలికాన్ నేరుగా బయటే ఉంటుంది. అందుకే హీట్‌సింక్ స్క్రూలు ఒక్కోటి కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగించాలి. ఒకపక్కే బిగిస్తే అంచు పగులుతుంది. చిప్పుకూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు బియ్యపు గింజంత చాలు.

పెన్నా_ఒడ్డు, కడప:
ఇంత చేసినా విండోస్ 11కు అధికారికంగా ఎనిమిదో తరం కావాలి. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఈ చిప్పు మార్చి ఆ గేటు దాటలేరు. విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టం లైనక్స్ మింట్‌కు ఒప్పుకుంటేనే దీని మీద ఇంకా డబ్బు పెట్టండి.

తుంగభద్ర_గట్టు, కర్నూలు:
చూసినా అన్నా, డిస్క్ నూరు, సీపీయూ నలభై లోపలే. ముందు ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ, మింట్. బిల్డ్ అప్పుడు కోర్లన్నీ నిండితేనే చిప్పు.

అనంత_బెంచ్, అనంతపురం:
అప్పుడు తీసుకునేటప్పుడు పేరు చివర ఎంక్యూ ఉందా చూడు. 4712హెచ్‌క్యూ అంటగడతారు, అది సాకెట్‌కు పట్టదు. చిప్పు మీద ఎస్‌ఆర్ అని మొదలయ్యే కోడ్ లేకుండా ‘ఇంటెల్ కాన్ఫిడెన్షియల్’ అని ఉంటే అది టెస్టింగు శాంపిల్, ఎంత తక్కువకిచ్చినా వద్దు.