అధికుల మనరాదా, అధికులము అనరాదా?

బరంపురం నుంచి:
రేపు సోషియాలజీ పిల్లలకు చార్లెస్ కూలీ అద్దం పాఠం చెప్పాలి. 1902లో ఆయన అన్నది తెలిసిందే. ఎదుటివాడికి నేనెలా కనబడుతున్నానో ఊహించుకుంటాను, చూసి వాడేమనుకుంటున్నాడో ఊహించుకుంటాను, దాన్నిబట్టి పొంగిపోతాను లేదా సిగ్గుపడతాను. నాకు నేను తెలిసేది ఆ దారినే. క్లాసులో తెలుగిళ్ళ పిల్లలు చాలామంది ఉన్నారు, వేమన అద్దంతో మొదలుపెడదామనుకున్నాను. ‘కొండ అద్దమందు కొంచెమై యుండదా’ నోటికి వచ్చింది. దాని ముందు పాదమే పొద్దుట్నుంచి తినేస్తోంది. ‘కొంచెముండుటెల్ల కొదువ కాదు’ అని అమ్మ చెప్పేది. ‘కొంచెమైన నదియు కొదువ కాదు’ అని అచ్చులో చూశాను. ఏది ఉంచను?

పర్లాకిమిడి నుంచి:
అమ్మా, రెండూ ఆటవెలదికి సరిపోతాయి. కొంచె-ముండు-టెల్ల, కొంచె-మైన-నదియు, అన్నీ సూర్యగణాలే. యతికీ ఢోకా లేదు. ఛందస్సు దీనికి తీర్పు చెప్పదు, మీ అమ్మగారి పాఠమే ఉంచండి. అసలు పేచీ మొదటి పాదంలో ఉంది. ‘అనువుగాని చోట నధికుల మనరాదు’. అధికులము అనరాదు, అంటే ‘మేం గొప్పవాళ్ళం’ అని చెప్పుకోకూడదని బళ్ళో అందరికీ నేర్పారు. నేను చాలాకాలంగా దాన్ని ‘అధికులు మనరాదు’ అని చదువుకుంటున్నాను. మనుట అంటే బతకడం. తగని చోట పెద్దవాడు మనలేడు, మనకూడదు.

జయపురం నుంచి:
మాస్టారూ, ‘నధికుల’ దగ్గర ఇంద్రగణం పూర్తయి ‘మనరాదు’ ఇంకో గణంగా మొదలవుతుంది. అందుకే మీకు అది విడి మాటలా వినిపిస్తోంది. గణం విరిగిన చోటల్లా మాట విరగదు. మూడో పాదంలో ‘అద్దమందు’ కూడా ‘యద్ద’ దగ్గర విరిగి ‘మందు’ వేరుపడుతుంది. అక్కడ మందు అనే మాట ఉందని ఎవరూ అనరు కదా. పైగా ‘అధికులు’ కావాలంటే కొమ్ము ఉండాలి. అందరి నోటా ఉన్నది ‘ల’.

పర్లాకిమిడి నుంచి:
ల అయినా లు అయినా లఘువే. రాసేవాడి చేతిలో కొమ్ము ఎగిరిపోతే చెవి పట్టుకోలేదు. బ్రౌన్ దొర 1829లో వేమనను అచ్చు వేయించే నాటికే ప్రతికో పాఠం ఉండేది. ఇంకో మాట. ఈ ఊళ్ళో కూర్చుని చదివితే ‘మనరాదు’ మరోలా తగులుతుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడ బళ్ళో పాఠాలు చెప్పారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు చేరితే, ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. అనువుగాని చోట ఆయన మనలేదు.

రాయగడ నుంచి:
గిడుగువారిని ఆ అర్థానికి సాక్ష్యం పిలవకండి మాస్టారూ, నాకు బాధగా ఉంటుంది. ఆయన గొప్పంతా అంతకుముందు సంగతి. కొండల మీది సవరల మాటను భాష అనే ఎవరూ అనుకోని రోజుల్లో, చదువుకున్న పంతులు వాళ్ళనే గురువులుగా పెట్టుకుని నేర్చుకున్నాడు, వ్యాకరణం రాశాడు, నిఘంటువు కట్టాడు. మీ మాట నాకు చెప్పండి, రాసుకుంటాను అని పెద్దమనిషి వచ్చి ఎదురుగా కూర్చుంటే ఆ సవర మనిషికి తన మాట ఎలా వినిపించి ఉంటుంది? కూలీ చెప్పే అద్దం అంటే నాకు అదే గుర్తొస్తుంది. ‘అధికులము అనరాదు’ అన్నదాన్ని చేసి చూపించినవాడు ఆయన. విజయనగరంలో ఆయనతో కలిసి చదువుకున్న గురజాడ కూడా అంతే. ‘దేశమంటే మనుషులోయ్’ అని ఊరికే రాలేదు ఆ కలం నుంచి. ఆ గేయం మీద వేరే రాస్తాను, ఇక్కడ మొదలుపెడితే ఆగలేను.

బరంపురం నుంచి:
నాకు ‘అనరాదు’ కావాలి మాస్టారూ, దాన్ని తీసేస్తే నా పాఠం పోతుంది. గొప్పవాడివి కావద్దు అనలేదు వేమన, అనవద్దు అన్నాడు. ఎవరి ముందు ఏమనాలి, ఏది లోపల ఉంచుకోవాలి అన్నదే సోషియాలజిస్టు గాఫ్‌మన్ 1959 పుస్తకమంతా. షెట్లాండ్ దీవుల్లో ఒక హోటల్ గురించి రాస్తాడు. భోజనాల గదిలో పనివాళ్ళు ఒకలా ఉంటారు, తలుపు తోసుకుని వంటింట్లోకి రాగానే ఇంకోలా మారతారు. మా వీధి చివర పట్టుచీరల కొట్లో రోజూ ఇదే చూస్తాను. ఒడియా బేరం వస్తే ‘ఆగ్యాఁ, ఆగ్యాఁ’ అంటూ చీర విప్పుతాడు. మెడ వెనక్కి తిప్పి కుర్రాడితో ‘ఒరే, ఆ ఎర్రంచుది తియ్యి’ అంటాడు. మొన్న ఒకావిడ ఒడియాలోనే బేరం మొదలుపెట్టింది. ఆవిడ తెలుగావిడని అతనికి తెలుసు, అతనికి తెలుసని ఆవిడకీ తెలుసు. ఇద్దరూ ఆఖరిదాకా ఒడియాలోనే సాగించారు. నోట్లు లెక్కపెట్టుకునేటప్పుడు మాత్రం ఇద్దరి పెదాల మీదా ఒకటి, రెండు, మూడు. ‘మేం తెలుగువాళ్ళం’ అని ఎవరూ అనలేదు. అలా అనే చోటు కాదని ఇద్దరూ కలిసే తేల్చుకున్నారు. ఇంకో సోషియాలజిస్టు బ్లూమర్ అనేది అదే కదా, అర్థం వస్తువులో కూర్చుని ఉండదు, మనుషులు ఒకరితో ఒకరు మెలిగేటప్పుడు పుడుతుందని.

జయపురం నుంచి:
అమ్మా, ఆ అద్దాల పోలిక పిల్లలకు చెప్పేముందు ఒకటి చూసుకోండి. కూలీ కూడా అద్దాన్ని పద్యం నుంచే తెచ్చుకున్నాడు, ఎమర్సన్ పాదాలు రెండు ఉదహరించాడు. కానీ వేమన అద్దం పని వేరు. వేమన కొండ ముందే ఉంది, అద్దంలో చిన్నగా కనబడినా దానికి లోటు లేదు. కూలీకి అద్దం ముందు నిలబడకపోతే ‘నేను’ అన్నదే తయారుకాదు. ఇద్దరినీ ఒకే గాటన కడితే తెలివైన పిల్ల ఎవరో లేచి అడుగుతుంది.

రాయగడ నుంచి:
అద్దంలో కొండ చిన్నదవుతుందని ఎవరన్నారు? మంగలి షాపు అద్దంలో మా ఊరి కొండ చూడండి. దూరాన కంటికి ఎంత కనబడుతుందో అంతే కనబడుతుంది, కాకపోతే జానెడు అద్దంలో ఇమిడిపోతుంది. ‘కొంచెమై’ అంటే ఇమిడి, ఒదిగి అని నేను చెప్పుకుంటాను. ఒదగడం అంటే కొండ తగ్గడం కాదు.

సిరొంచ నుంచి:
గోదావరి ఇవతలి మహారాష్ట్ర నుంచి ఒక సందేహం. ‘అధికులము’లో ఆ ‘ము’ మేమా, మనమా? తెలుగులో రెంటికీ ఒకటే ప్రత్యయం. మరాఠీలో ఎదుటివాణ్ణి వదిలేస్తే ఆమ్హీ, కలుపుకుంటే ఆపణ్. ఇక్కడి సంతలో తెలుగు, మరాఠీ, గోండి మాట్లాడేవాళ్ళు ఒకే గట్టు మీద కూర్చుంటారు. అక్కడ ‘మనం గొప్పవాళ్ళం’ అంటే అందరూ నవ్వుతారు, ‘మేం గొప్పవాళ్ళం’ అంటే పక్కవాడు లేచిపోతాడు. వేమన వద్దన్నది ‘మేము’నే అని నా నమ్మకం.

జయపురం నుంచి:
ఒప్పుకోను అన్నా. ‘మనం’ అన్నప్పుడు కూడా ఆ ‘మనం’కి బయట ఎవరో ఒకరు ఉంటారు. మీ గట్టు మీదకు కొత్తగా వచ్చినవాడి చెవితో వినండి.

పర్లాకిమిడి నుంచి:
మేము, మనము సంగతి తర్వాత చూద్దాం. ముందు నా కొమ్ము సంగతి తేలాలి. ఎవరిదగ్గరైనా వేమన తాళపత్రం ఉంటే మొదటి పాదం ఫొటో తీసి పెట్టండి. పాత ప్రతుల్లో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు కాబట్టి ‘మనరాదు’ కలిసి ఉందా విడిగా ఉందా అని వెతక్కండి. ‘ల’ మీద కొమ్ము ఉందో లేదో అది ఒక్కటి చెప్పండి చాలు.